మొలకకు తెలిసిన చెయ్యి

దీపం పెట్టే వేళకి మంగతాయారు లేసు పని ఎంతలో ఉంటే అంతలో ఆపేసేది. సూదిని దారపుండకి గుచ్చి, చేతులు కడుక్కుని, "లిఖితా, రావే" అని పిలిచేది. తొమ్మిదేళ్ళ లిఖిత వచ్చి దొడ్డమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. మంగతాయారు గోరువెచ్చని కొబ్బరినూనె మాడున అద్ది, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, నిమురుతూ నిమురుతూ కుడి చెవి వెనక్కి వచ్చేది. అక్కడ చర్మం కింద చిక్కుడుగింజంత మెత్తని ఉబ్బు ఉంది. దాని మీద చూపుడువేలు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి నొక్కేది.

నొక్కకూడదని డాక్టరు చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టించుకుంది.

అయినా నొక్కేది.

ఆ వేలికి ఆ అలవాటు ఊరికే రాలేదు. అందరి మెదడులోనూ నీరు ఊరుతుంది, ఊరినదంతా ఇంకిపోతుంది. లిఖితకి పుట్టుకతోనే ఊరడం తప్ప ఇంకడం లేదు. పురిట్లోనే తల్లి రాజ్యం పోయింది. తండ్రి ఏడాది తిరక్కుండా పాలకొల్లులో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. రోజురోజుకీ పెరిగే ఆ తలని చూసి పిల్లని ఎత్తుకోవడానికే భయపడేవాడు. అప్పటికే భర్తని పోగొట్టుకుని, నరసాపురంలో లేసు అల్లుకుంటూ ఒంటరిగా ఉంటున్న మంగతాయారు, చెల్లెలి బిడ్డని గుడ్డలో చుట్టుకుని తెచ్చేసుకుంది.

మూడో నెలలో పిల్ల తలలోంచి కడుపులోకి చర్మం కిందుగా సన్నని గొట్టం వేశారు. షంట్ అన్నారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు మంగతాయారు వేలు పట్టుకుని మరీ చూపించాడు.

"ఇదిగో అమ్మా, చెవి వెనకాల ఈ బుడిపె ఉంది చూశావా? నొక్కి వదిలెయ్. వెంటనే పైకి లేచిందా, నీరు పారుతున్నట్టు. గుంటపడి ఉండిపోయిందా, ఇంక ఎవర్నీ అడక్కు. బండెక్కి వచ్చెయ్."

ఆ తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు బండెక్కింది. ఏడాదిన్నరప్పుడు గొట్టం పూడుకుపోయింది. మూడేళ్ళప్పుడు చీము పట్టి, గొట్టం తీసేసి, ఇరవై ఒక్క రోజులు తలలోని నీటిని బయట సంచీలోకి పట్టారు. పిల్ల పొడుగు సాగాక గొట్టం పొట్టిదైపోయి కడుపులోంచి పైకి లాక్కువచ్చింది. నాలుగోసారి నీరు తక్కువగా కాదు, మరీ ఎక్కువగా పోయింది. మెదడు ముడుచుకుని, చుట్టూ నెత్తురు చేరి, పిల్ల రెండు వారాలు తలెత్తలేకపోయింది. నేర్చుకున్న అక్షరాలన్నీ మర్చిపోయి మళ్ళీ 'అ' దగ్గర మొదలుపెట్టింది.

నాలుగింట్లో రెండుసార్లు ముందుగా పసిగట్టింది మంగతాయారు వేలే. భర్త పోయినప్పుడు తను పక్కన లేదు. చెల్లెలు పోయినప్పుడు ఆస్పత్రి మెట్ల మీద ఉంది. ఈ ఒక్క ప్రాణాన్ని మాత్రం తన చేతి కింద నుంచి పోనివ్వకూడదనుకుంది. అందుకే రోజూ చూసుకునేది.

అలాంటప్పుడు విశాఖపట్నంలో సముద్రం పక్క కొండమీదున్న పరిశోధనశాల నుంచి పిలుపు వచ్చింది.

డాక్టర్ నిరంజని నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, గబగబా మాట్లాడేది. గాజుపళ్ళెంలో నీళ్ళ మధ్య చిక్కుడుగింజంత గులాబిరంగు ముద్దని చూపించింది. "దీన్ని మేం మొలక అంటాం. పాప ఒంట్లోంచి తీసిన కణాలతోనే పెంచాం" అంటూ పక్కనున్న గొట్టంలోంచి నీళ్ళ జోరు పెంచింది. మొలక నోరు తెరిచి నీటిని అవతలికి వదిలింది. జోరు తగ్గించగానే మూసుకుంది.

"అమ్మో, బతికుంది!" అంది మంగతాయారు వెనక్కి జరిగి.

"బతికుంది కాబట్టే పాపతోపాటు పెరుగుతుంది. తలలో నీటిని మెడ దగ్గరి రక్తనాళంలోకి తనే వదులుతుంది. కడుపుదాకా గొట్టం అక్కర్లేదు. పూడుకుపోదు, పొట్టిదైపోదు. మళ్ళీ మళ్ళీ కొయ్యక్కర్లేదు. కాని ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత తెరుచుకోవాలో ఈ తలలోనే ఉండి నేర్చుకోవాలి. ఏడాది పడుతుంది. ఆ ఏడాదీ దాన్ని ముట్టుకోకండి. బడికెళ్ళే పిల్లకి పక్కనుంచి జవాబు అందిస్తే ఇంక లెక్క నేర్చుకుంటుందా?"

"నేర్చుకోదండి" అంది మంగతాయారు.

పాత గొట్టం తీసేసి, చెవి వెనక అదే చోట మొలక పెట్టి ఇంటికి పంపారు. పదకొండు రోజులు చెయ్యి బిగబట్టుకుంది. పన్నెండోనాడు బడి నుంచి వస్తూనే లిఖిత "తల నొప్పెడతంది దొడ్డమ్మా" అంది. ఎండ వల్ల కావచ్చు. మంగతాయారు మాత్రం ఆగలేకపోయింది. నూనె తెచ్చింది. నిమిరింది. ఒక్కసారి, చూద్దామని, అంతే, నొక్కింది. వేలికింద మొలక మెత్తగా విచ్చుకుంది. పది నిమిషాల్లో పిల్ల లేచి ఆటకి పోయింది.

మర్నాడు కూడా చూసింది. ఆ మర్నాడూ చూసింది.

*

ఏడో నెల పరీక్షకి వెళ్ళినప్పుడు మొలక పక్కన అమర్చిన చిన్న పరికరం రోజూ నమోదు చేసిన ఒత్తిడి గీతని తెర మీద చూపిస్తుంటే డాక్టర్ నిరంజని ముఖం వెలిగిపోయింది.

"చూడండి, రోజూ సాయంత్రం ఆరున్నరకి ఒత్తిడి ఎంత చక్కగా దిగుతోందో! ఆ వేళ అని మేం నేర్పలేదు. తనంతట తనే ఎంచుకుంది."

"గోడగడియారం కూడా మా ఇంట్లో ఇంత బాగా ఆడదమ్మా" అన్నాడు యంత్రాల పని చూసే జాన్‌బాబు. యాభై దాటిన మనిషి. లిఖిత వస్తే చాలు, ఏదో ఒకటి అని నవ్వించేవాడు. "ఏటమ్మా లిఖితా, నీ మొలక్కి టైమెవరు సెప్తన్నారు? నువ్వేనేటి?"

"మా దొడ్డమ్మ నూనె రాసే టైమది" అంది లిఖిత.

మంగతాయారు కుడిచేతిని పైట కిందకి లాక్కుంది. డాక్టరు నవ్వేసింది. "అయితే హాయిగా ఉన్నప్పుడు తెరుచుకుంటోందన్నమాట. మంచిదే." తర్వాత కాగితాలు తిరగేస్తూ చెప్పింది. "ఈ గీత చూసే వచ్చే నెలలో ఇంకో పదకొండు మంది పిల్లలకి మొలక పెడుతున్నాం. దానికి ముందు ఒక్క పరీక్ష ఉంది. పాప నాలుగు రోజులు గాజుగదిలో ఉండాలి. తెలిసిన మనిషి, ఫోను, చప్పుడు, ఏదీ ఉండకూడదు. నర్సు ఒక్కతే వెళ్తుంది."

"సాయంత్రాలు నేనొకసారి వచ్చి..."

"వీల్లేదండి. నాలుగు రోజులే కదా."

చెప్పెయ్యాలని మాట నోటిదాకా వచ్చింది. కాగితం మీద తను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. మాట తప్పినదాని దగ్గర పిల్లని ఉండనిస్తారా అని భయం వేసింది. నాలుగు రోజులేగా, దాని పని అది చేసుకుంటుందేమోనన్న ఆశ కూడా ఉంది. తలూపి ఊరుకుంది.

మొదటిరోజు ఆరున్నరకి గీత దిగలేదు. "చోటు కొత్త కదా" అంది డాక్టరు. రెండోరోజు పొద్దున లిఖిత అన్నం వద్దంది. మధ్యాహ్నం వాంతి చేసుకుంది. మూడు గంటలకి నర్సు పిలిస్తే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది. నాడి నెమ్మదించింది. తలలోకి సూది వేసి నీరు తియ్యడానికి డాక్టరు తొడుగులు వేసుకుంటుంటే, బయట బెంచీ మీద కూర్చున్న మంగతాయారు లేచి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"డాక్టరుగారూ, నన్ను లోపలికి వెళ్ళనివ్వండి. అది నా చేతికి తెరుచుకుంటాది. నేను రోజూ నొక్కుతున్నాను."

డాక్టర్ నిరంజనికి ముందు ఆ మాట ఎక్కలేదు. ఎక్కాక ముఖం పాలిపోయింది. కాని ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా తలుపు తీసింది.

మంగతాయారు గడప దాటిందో లేదో, చేతిగాజులు గలగలమన్నాయి. తెర మీద గీత వణికింది. మంచం పక్కన కూర్చుని జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి చెవి వెనక వేలు ఆనించింది. గీత నీళ్ళు దిగినట్టు దిగిపోయింది. కాసేపటికి లిఖిత కళ్ళు తెరిచి, "నూనె తేలేదా?" అంది.

*

ఆ మర్నాడంతా పరీక్షలే. డాక్టరు తనే నొక్కి చూసింది, మొలక కదల్లేదు. జాన్‌బాబు రబ్బరు వేలొకటి తయారుచేసి, మనిషి ఒంటి వేడికి కాచి, సరిగ్గా మంగతాయారు నొక్కినంత బరువుతోనే నొక్కించాడు. ఊహూఁ. తొడుగు వేసుకుని మంగతాయారు నొక్కితే సగం తెరుచుకుంది. ఆమె నడవాలో నడుస్తుంటే చాలు, అడుగుల చప్పుడు విని పిల్ల తల తిప్పితే చాలు, నొక్కకముందే మొలక సిద్ధమైపోయేది.

సాయంత్రం డాక్టరు మంగతాయారుని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తిడుతుందనుకుంటే తిట్టలేదు. అదే ఇంకా భయమేసింది.

"అది నీటి కోసం తెరుచుకోవడం లేదండి. మీ కోసం తెరుచుకుంటోంది. దాని వేర్లు పాప మెదడులోకి దిగాయి. పాప మీకోసం చూసిందంటే అదీ మీకోసం చూస్తుంది. నీరు ఎంత పెరిగినా మీరొచ్చేదాకా ఆగుతుంది."

"తీసేసి మళ్ళీ పాత గొట్టమే పెట్టెయ్యండి."

"ఇప్పుడు పీకితే నెత్తురు ఆగదు."

"అయితే నేను ఎప్పుడూ పక్కనే ఉంటాను. ఇంతకాలం ఉండలేదా? నాకిదేం బరువా?"

డాక్టరు ముందున్న కాగితం తిప్పి చూసింది. "మీకు యాభై ఆరు. షుగరుంది. పాపకి తొమ్మిది."

మంగతాయారుకి లెక్క అర్థమైంది. తను పోయిన రెండోరోజుకి పిల్ల కూడా పోతుంది. ఏ చెయ్యి తియ్యకుండా కాపాడాలనుకుందో, ఆ చెయ్యే పిల్ల మెడకి ఉచ్చై కూర్చుంది.

"మరేం చెయ్యాలండి?"

"అది మిమ్మల్ని మర్చిపోవాలి. పాపని ఇక్కడే ఉంచుకుంటాం. నీరు పెరిగినప్పుడల్లా సూదితో తీస్తాం. చెయ్యి రాదని తెలిశాక మొలక నీటి మాట వినడం మొదలుపెడుతుంది. కాని మీ చెయ్యే కాదు, మీ గొంతు కూడా వినపడకూడదు. ఫోను కూడా వద్దు. ఇంకోటి..." డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "వెళ్ళేముందు ఎప్పుడొస్తారో చెప్పకండి. వారమన్నా, ఏడాదన్నా పాప రోజులు లెక్కపెట్టుకుంటుంది. ఆమె ఎదురుచూసినంతకాలం అదీ ఎదురుచూస్తుంది."

"ఆ పదకొండు మంది పిల్లలూ?"

"ఆపేశాం. మీరు చెప్పకపోయుంటే..." అని మాట మింగేసింది. "చెప్పారు. అది చాలు."

పాలకొల్లు నుంచి తండ్రి వచ్చి సంతకాలు పెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడి, "వదినగారూ, మీరు లేకుండా పిల్ల ఉంటాదంటారా?" అన్నాడు.

"ఉండాలయ్యా" అంది మంగతాయారు. "నెలకోసారి నువ్వొచ్చి చూడు. దూరంగా నిలబడకు. దగ్గర కూర్చో."

గాజు అవతల నుంచి ఒక్కసారి మాట్లాడనిచ్చారు. లిఖిత మంచం మీద మఠం వేసుక్కూర్చుని ఉంది.

"దొడ్డమ్మా, ఇంటికెప్పుడెళ్దాం?"

"నేను వెళ్తన్నాను. నువ్వు ఇక్కడే ఉంటావు. బడి ఉంది, పిల్లలున్నారు."

"ఎప్పుడొస్తావు?"

మంగతాయారు సంచీ భుజానికి తగిలించుకుంది.

"దసరాకొస్తావా?"

"రాను."

"పరీక్షలయ్యాకా?"

"రానే. ఎదురుచూడకు."

లిఖిత కాళ్ళు కిందకి దించి గాజు దగ్గరికి వచ్చింది. "నేనేం చేశాను? మందు పారబోశాననా? ఒక్కసారే పారబోశాను."

"నువ్వేం చెయ్యలేదమ్మా. నేనే చేశాను. నా చెయ్యి నీకు మంచిది కాదు. నువ్వు బతకాలంటే నేను రాకూడదు."

"అయితే నేను బతకను!"

"నోర్ముయ్!" అని గట్టిగా అరిచింది మంగతాయారు. ఆ మాట అంటే ఆమెకి ఒళ్ళు మండిపోతుంది, ఎప్పుడూ అంతే. అరిచేశాక ఇంకేదో అనబోయింది. లిఖిత అప్పటికే గోడవైపు తిరిగిపోయింది. గాజు అవతల గీత పైకి పాకుతోంది. నర్సు మంగతాయారు భుజం పట్టి నడవాలోంచి బయటికి నడిపించింది.

నరసాపురం రైల్లో కిటికీ పక్కన కూర్చుని తొమ్మిదేళ్ళలో పిల్లతో అన్న మాటలన్నీ తలుచుకుంది. లక్ష ఉంటాయి. ఆఖరిది మాత్రం నోర్ముయ్.

*

ఇంటికొచ్చాక దీపం పెట్టే వేళంటేనే బెదురు పట్టుకుంది. ఆ వేళకి పక్కింటి సూరమ్మ దగ్గరికి పోయి కూర్చునేది. "పిల్లేదీ?" అని ఎవరైనా అడిగితే "చదువుకుంటంది" అనేది. లేసు అల్లుతుంటే కుట్లు తప్పేవి, విప్పి మళ్ళీ అల్లేది.

రోజూ మధ్యాహ్నం జాన్‌బాబు ఫోను చేసేవాడు. డాక్టరు చెయ్యమని చెప్పిందో, తనకే తోచిందో తెలియదు.

"ఈయేళ రెండుసార్లు సూది ఏసేరమ్మా."

"ఏడ్చిందా?"

"కొంచెం. బిస్కెట్టిస్తే ఆపీసినాది."

ఇంకో రోజు: "ఈయేళా రెండే." ఇంకో రోజు: "మూడమ్మా. నిన్న నీ పేరెట్టి బాగా ఏడిసినాది, అందుకే పెరిగినాదన్నారు." ఆ రోజు మంగతాయారు అన్నం ముట్టలేదు. ఎక్కడో తనని తలుచుకున్నందుకు ఒక పిల్ల తలలోకి సూది దిగింది. నన్ను తలుచుకోకే తల్లీ అని, గోడకి చెప్పినట్టు పైకే అంది. రోజూ దేవుడికి అదే మొక్కు. పిల్ల నన్ను మర్చిపోవాలి స్వామీ. మొక్కిన ప్రతిసారీ ఆ మొక్కు తీరుతుందేమోనని భయపడేది.

నలభై ఆరోనాడు జాన్‌బాబు ఫోనులో గొంతు పట్టలేకుండా ఉన్నాడు.

"అమ్మా! తెరుచుకున్నాదమ్మా! ఎవరూ ముట్టుకోలేదు, తనంతట తనే!"

"ఏం చేస్తంటే?"

"దెబ్బలాడతంటేనమ్మా! పక్క మంచం పిల్ల పెన్సిలు లాక్కున్నాదని జుట్టట్టుకున్నాది. అరిసీ అరిసీ ఒత్తిడి పైకెళ్ళిపోనాది. మేమింక సూది సవరిస్తన్నాం. ఈలోగా మొలక విచ్చుకున్నాది, గీత దిగిపోనాది! డాక్టరమ్మ కుర్చీలో కూలబడి ఏడిసీసినారు."

"జుట్టు పట్టుకుందా?" మంగతాయారు నవ్వింది. నవ్వుతూనే పైట నోట్లో కుక్కుకుంది. "బాబూ, ఇంకొక్కసారి చెప్పవా?"

అతను మొదట్నుంచీ మళ్ళీ చెప్పాడు.

ఆ తర్వాత వారంలో రెండుసార్లు తెరుచుకుంది. పోనుపోను రోజూ తెరుచుకుంది. నాలుగో నెలాఖరుకి సూది అవసరమే లేకుండా పోయింది. జాన్‌బాబు ఫోన్లు రోజు విడిచి రోజు అయ్యాయి, వారానికొకటి అయ్యాయి. లిఖిత ఆ కొండకిందే బడిలో చేరింది. తండ్రి వచ్చినప్పుడు అతనితో వెళ్ళి సముద్రం చూసొస్తోందని, అతని భార్య పిల్లకి గౌను కుట్టించిందని జాన్‌బాబే చెప్పాడు. పదకొండు మంది పిల్లలకీ మొలకలు పెట్టారు. ఆ తల్లులందరినీ ముందుగా కూర్చోబెట్టి, నరసాపురంలో ఒకామె ఉండేది అంటూ మొదలుపెట్టి చెబుతున్నారట. పేరు చెప్పరట.

ఏడాది నిండిన పది రోజులకి, ఒక సాయంత్రం, డాక్టర్ నిరంజనే ఫోను చేసింది.

"మంగతాయారుగారూ, మొలక ఎనిమిది నెలల నుంచి ఒక్క పూట కూడా తప్పలేదు. ఇంక మీరు వచ్చి పాపని చూడొచ్చు అనుకుంటున్నాం."

మంగతాయారు లేచి నిలబడింది. కళ్ళు అప్పుడే గూట్లో ఉన్న సంచీ వైపు పోయాయి. రేపు పొద్దున రైలుంది.

"అనుకుంటున్నారా?" అంది.

"పదింట తొమ్మిది పాళ్ళు ఏమీ కాదు."

"ఆ పదోది?"

డాక్టరు అబద్ధం చెప్పే మనిషి కాదు. "మీ చేతిని మళ్ళీ గుర్తుపట్టొచ్చు. గుర్తుపడితే మొదటికొస్తాం. రెండోసారి మరిపించగలమని నేను మాట ఇవ్వలేను."

"పిల్ల అడుగుతోందా అండి నన్ను?"



"మొదట్లో రోజూ అడిగేది. వేసవి నుంచి అడగడం లేదు."

ఈ కబురు కోసమే కదా ఏడాదిపాటు మొక్కింది. మంగతాయారు గోడకి చెయ్యి ఆనించుకుంది. ఒక్కసారి వెళ్ళి చూసుకుంటే చాలు. ఒక్కసారి, చూద్దామని, అంతే. ఆ మాట మనసులో అనుకోగానే ఆమెకి అది పాత మాటేనని తెలిసిపోయింది. పన్నెండోనాడు అనుకున్నదీ అదే.

"ఇప్పుడేం చేస్తోందండి?"

"కింద ఆడుకుంటోంది. వింటారా?" అని డాక్టరు కిటికీ తీసినట్టుంది. మూకుమ్మడిగా పిల్లల కేకలు ఫోన్లోకి వచ్చిపడ్డాయి. ఎవరో ఎవర్నో తరుముతున్నారు. ఎవరో "ఔటు, ఔటు" అంటున్నారు. మంగతాయారు ఫోను చెవికి అదిమిపట్టుకుని ఒక్కొక్క గొంతునీ వెతికింది. ఏది లిఖితదో తెలియలేదు. చాలాసేపు విన్నా తెలియలేదు. ఏ గొంతులోనూ నొప్పి మాత్రం లేదు.

"విన్నారా? రేపు బయల్దేరతారా మరి?"

"వద్దులెండి డాక్టరుగారూ" అంది మంగతాయారు. "ఆడుకోనివ్వండి."